గులాబి రంగు తేట

పోయిన వారం వదినని మనం బస్సులో వదిలేశాం. తొలి బస్సు, కిటికీ పక్క సీటు, ఒళ్ళో గుడ్డసంచి, అందులో రక్తం నింపిన గాజుగొట్టం ఒకటి.

ఆ రక్తం తెల్లమూతిది. మందలో అందరికంటే ముద్దుగా పెరిగిన ఆవు. వారం నుంచి మేత సరిగ్గా ముట్టడం లేదు, పాలు సగానికి పడిపోయాయి, కొట్టంలో ఓ మూల పడుకుంటే లేవనంటోంది. నాలుగు రోజుల కిందట పరీక్షల గది నుంచి కాగితం వచ్చింది. అందులో అంకె చూసి, కాలేయం పోయిందని మరిది తేల్చేశాడు. వదిన పట్టుబట్టి వేయించిన ఏటిగట్టు గడ్డి తిన్నందువల్లే పోయిందన్నాడు. మిగతా ఆవుల వంతు రాకముందే ఆ గడ్డిచేను దున్నించేస్తానన్నాడు. తెల్లమూతిని ఇవాళ మధ్యాహ్నం మూడింటికి కబేళా లారీ ఎక్కిస్తానన్నాడు. భర్త పోయిన మూడేళ్ళ నుంచీ కొట్టంలో పని వదినది, మాట మరిదిది. అందుకే ఆమె ఎదురు చెప్పలేదు. పొద్దు పొడిచీ పొడవకముందే పశువుల డాక్టరుని బతిమాలి, తెల్లమూతి మెడ నుంచి ఇంకోసారి రక్తం తీయించుకుని, మరిదికి చెప్పకుండా బస్సెక్కేసింది.

బస్సు ఊగుతోంది గానీ వదిన ఊగడం లేదు. సంచిలోంచి గొట్టం తీసి రెండు అరచేతుల మధ్యా నిలువుగా పట్టుకుంది. ఇంకా గోరువెచ్చగానే ఉంది. అంత పెద్ద ఆవూ చిన్నదైపోయి, వేలంతై, తన చేతుల్లోకి వచ్చి పడుకున్నట్టుంది. కిటికీ బయట మంచులో చెట్లు ఒకదాని వెనక ఒకటి నడిచిపోతున్నాయి. అన్నీ ఆవుల్లాగే ఉన్నాయి, తలలు వంచుకుని, తొందర లేకుండా.

బయల్దేరే ముందు అత్తగారి కాళ్ళు తుడిచి వచ్చింది. ఆ పెద్దావిడ మంచం దిగి ఏడాది దాటింది. పాదాలు చంటిపిల్ల పాదాల్లా మెత్తబడిపోయాయి. ఇవాళ మడమకి పసుపురంగు పొట్టు ఒకటి అంటుకుని ఉంది. తన చీర కుచ్చిళ్ళ నుంచి రాలిందనుకుని వదిన దాన్ని గోటితో తీసి పారేసింది.

"పొద్దున్నే ఎక్కడికే?" అంది అత్తగారు కళ్ళు తెరవకుండానే.

"తెల్లమూతి పని మీద అత్తయ్యా."

"కడుపునిండా తిండి పెట్టండర్రా దానికి. మీరంతా కొలతలేసి పెడతారు. పశువుకి కొలతేంటి?" అని గోడవైపు మొహం తిప్పేసుకుంది.

ఆ మాట బస్సులో రెండుసార్లు గుర్తొచ్చింది. మూడోసారి గుర్తొచ్చేలోగా ఊరొచ్చేసింది.

పరీక్షల గది పశువుల ఆసుపత్రి వెనక ఉంది. కిటికీ అద్దాలకి సగం దాకా తెల్లరంగు పూశారు, అందుకని లోపలికొచ్చే ఎండ కూడా పాలు కలిపినట్టే వస్తుంది. బల్ల మీద గొట్టాలు నిలబెట్టే చెక్కస్టాండు, మూలన దగ్గుతూ ఆగుతూ పనిచేసే ఫ్రిజ్, గోడకి పది నిమిషాలు వెనకబడ్డ గడియారం. అక్కడ పనిచేసే పెద్దమనిషిని అందరూ చుక్కలాయన అంటారు. ముప్ఫై ఏళ్ళుగా చుక్కలు లెక్కపెడుతున్నాడు కదా, మాట కూడా చుక్క చుక్కగానే వస్తుంది.

"మళ్ళీ వచ్చావా అమ్మా?"

"మళ్ళీ వచ్చాను అన్నగారూ. ఈసారి ఒక్కటే."

ఆయన గొట్టాన్ని కిటికీ దగ్గర వెలుతురుకి పట్టి చూశాడు. తల ఊపాడు. బాగుందన్నాడో బాగోలేదన్నాడో ఆ ఊపుడులో తెలియలేదు. తీసుకెళ్ళి సెంట్రిఫ్యూజ్‌లో పెట్టి మూత వేశాడు. అది గుండ్రంగా తిరుగుతూ మూలగడం మొదలెట్టింది. దూరాన ఎవరో తిరగలి విసురుతున్నట్టు, మధ్యలో ఆపడం మరిచిపోయినట్టు. వదిన బెంచీ మీద కూర్చుని ఆ చప్పుడు వింటూ వింటూ కళ్ళు మూసుకుంది. కొట్టం కనిపించింది. పాలపొగ లేస్తోంది. తెల్లమూతి లేచి నిలబడి, మూతి ఆమె భుజం మీద ఆనించి, చెవిలో ఏదో అంకె చెబుతోంది. ఎంతో చెప్పే లోపలే తలుపు ధడాలున తెరుచుకుంది.

"వదినా!"

మరిది. చొక్కా గుండీలు ఒకటికొకటి తప్పుగా పెట్టుకున్నాడు, జుట్టంతా దుమ్ము. మోటారుసైకిలు మీద గాలిలా వచ్చినట్టున్నాడు.

"కొట్టంలో లేవు. ఇంట్లో లేవు. చేలో లేవు. చివరికి డాక్టరు చెప్పాలా నాకు? లారీవాడు రెండింటికే వచ్చి కూర్చుంటానన్నాడు."

"రానీ చిన్నబ్బాయ్. కూర్చోబెట్టి మంచినీళ్ళివ్వు."

"నీకు నవ్వులాటగా ఉందా? కొత్త గడ్డి వద్దన్నాను. విన్నావా? వేశావు. ఇప్పుడు దాని కాలేయం కుళ్ళింది. రేపు ఇంకోదానిది. పన్నెండు ఆవులూ పోతే మనం ఏం చేయాలి, ఆ గడ్డి మనం తిందామా?"

"మెల్లగా బాబూ," అన్నాడు చుక్కలాయన. "యంత్రం తిరుగుతోంది."

"మీరిచ్చిన కాగితమే కదండీ ఇది!" అని మరిది జేబులోంచి తీసి బల్ల మీద కొట్టాడు. నాలుగు మడతలు పెట్టి ఉంది. పై మడత మీద అంకె కనబడుతోంది. ఆ అంకె దగ్గరే మడతపెట్టి, నాలుగు రోజులు జేబులో మోశాడు.

చుక్కలాయన కాగితాన్ని పిల్లల పక్కగుడ్డ విప్పినట్టు నెమ్మదిగా విప్పాడు.

"దీన్ని మొత్తం చదివావా?"

"అంకె చదివాను. ఏఎస్‌టీ రెండొందల తొంభై. నూట ముప్ఫై దాటకూడదని పక్కనే ఉంది. అది కాలేయానికి చేసే పరీక్షని అందరూ చెప్పారు."

"కింద చదివావా?"

మరిది వంగి చూశాడు. అట్టడుగున, చీమలు వరసకట్టినట్టు సన్నటి చేతిరాత. పైకి చదివాడు. "నమూనా ఎర్రబారింది. ఈ అంకె నమ్మవద్దు. మళ్ళీ రక్తం పంపండి." చదివేసి కాగితం కళ్ళకి దగ్గరగా పెట్టుకున్నాడు. "ఇంత చిన్నగా రాస్తే ఎవరికి కనిపిస్తుంది?"

"కాగితంలో అంతే చోటుంది బాబూ. పైగా నా అక్షరాలు కూడా నాలాగే వంగిపోయాయి."

సెంట్రిఫ్యూజ్ మూలుగు తగ్గుతూ తగ్గుతూ ఆగిపోయింది. చుక్కలాయన మూత తీసి గొట్టం బయటికి తెచ్చాడు. అడుగున గడ్డకట్టిన రక్తం, ముదురు ఎరుపు. పైన తేట, ఎండుగడ్డి రంగు. ఎండలో కడిగిన గడ్డి ఎంత నిర్మలంగా ఉంటుందో అంత నిర్మలంగా. ఆ తర్వాత ఫ్రిజ్ తెరిచి పాత గొట్టం తెచ్చాడు, మొన్నటిది. రెండూ పక్కపక్కన నిలబెట్టాడు.

పాతదాని తేట గులాబి రంగులో ఉంది.

చూడటానికి అదే అందంగా ఉంది. చెబితే తప్పుగానీ, ఆ పాల ఎండలో ఏదో పువ్వు కరిగించినట్టుంది. వదిన కళ్ళు దాని మీదే నిలిచిపోయాయి.

"చెబుతాను వినండి," అన్నాడు చుక్కలాయన కుర్చీ లాక్కుని. "ఎంజైము అంటే శరీరంలో పనివాడనుకోండి. ఇంట్లో ఉండి పని చేసుకుంటాడు, వీధిలోకి రాడు. ఇంటి గోడ పగిలితేనే వస్తాడు. రక్తమే ఆ వీధి. వీధిలో ఎవరు ఎక్కువ కనబడుతున్నారో చూసి, ఎవరి గోడ పడిందో మేం చెబుతాం. అంతే మా విద్య."

"అయితే ఈ ఏఎస్‌టీ కాలేయంవాడే కదా?"

"అక్కడే వచ్చింది చిక్కు. ఈయనగారికి మూడు కాపురాలు. కాలేయంలో ఒకటి, కండలో ఒకటి, ఎర్రకణాల్లో ఒకటి. వీధిలో కనబడ్డాడంటే ఏ ఇంట్లోంచి వచ్చాడో మొహం చూసి చెప్పలేం."

వదినకి నవ్వొచ్చింది గానీ నవ్వలేదు.

"ఇక్కడ తేట గులాబి రంగు తిరిగిందంటే, రక్తం గొట్టంలోకి వచ్చాక ఎర్రకణాలు పగిలాయన్నమాట. ఆవులో ఉన్నప్పుడు కాదు. సూది వల్ల కావచ్చు, ఎండ వల్ల కావచ్చు, గడ్డకట్టే చలి వల్ల కావచ్చు. కానీ ఆ రోజు ఆరు గొట్టాలొచ్చాయి. అదే డాక్టరు, అదే రకం సూది, అదే సంచీ. ఐదు శుభ్రంగా ఉన్నాయి. తెల్లమూతిది ఒక్కటే ఎందుకిలా అయిందో నాకు అర్థం కావడం లేదు."

ఆయన ఎవరినీ అడగలేదు. ఊరికే అన్నాడు. కానీ ఆ మాట వెళ్ళి వెళ్ళి వదిన ఒళ్ళో కూర్చుంది.

ఆమెకి అన్నీ ఒక్కసారే తెలిశాయి. చెప్పకపోతే ఏమవుతుంది? కొత్త గొట్టం ఉంది కదా, అదే చెబుతుంది. మరిది ముందు తలవంచుకోవాల్సిన పనేముంది? చెబితే ఇక జీవితాంతం ఆ మాట అంటాడు, ఆవు పాలు పితికిన ప్రతిసారీ అంటాడు. కానీ చెప్పకపోతే పాత అంకె వెనక అనుమానం అలాగే మిగిలిపోతుంది. గడ్డిచేను మీద ఆ అనుమానంతోనే నాగలి పడుతుంది.

"నేను ఊపాను," అంది.

ఇద్దరూ తిరిగి చూశారు.

"ఆ రోజు అది గడ్డకడుతూ ఉంది అన్నగారూ. బస్సులో చూశాను. వేడిగా, కదులుతూ ఉన్నది కాస్తా పాలు తోడుకున్నట్టు కదలకుండా అయిపోయింది. చల్లారిపోతోంది. నాకు అది చచ్చిపోతున్నట్టనిపించింది. బయటికి తీసి ఊపాను. దారి పొడుగునా ఊపాను. చంటిదాన్ని ఊపినట్టు."

"చంటిదాన్ని ఊపినట్టా, వెన్న చిలికినట్టా?"

"మొదట చంటిదాన్ని ఊపినట్టే. గతుకుల దారి వచ్చాక..." అని తలదించుకుంది. "చిలికినట్టే."

"కదపొద్దని డాక్టరు వందసార్లు చెప్పాడు కదా వదినా!" మరిది గొంతు లేచింది. "నా ఎదురుగానే చెప్పాడు కదా!"

"చెప్పాడు."

"మరి?"

"మిగతా ఐదింటినీ కదపలేదు చిన్నబ్బాయ్."

మరిది కిటికీ వైపు తిరిగి, తప్పుగా పెట్టుకున్న గుండీలు ఒక్కొక్కటే విప్పి సరిగా పెట్టుకోవడం మొదలెట్టాడు. అన్నయ్య ఉన్నప్పుడు తెల్లమూతి పుట్టిన రోజు వాడికీ గుర్తుంది. తల్లి పక్కకి తోసేస్తే వదినే ఒళ్ళో పెట్టుకుని పాలు పట్టింది. ఆ పాలసీసా పట్టుకుని పక్కన నిలబడింది తనే.

చుక్కలాయన గడ్డిరంగు తేటలోంచి సన్నటి గొట్టంతో చుక్కలు లాగి, యంత్రంలో గుంటలు గుంటలుగా ఉన్న పళ్ళెంలో వేశాడు. ఒకటి, రెండు, మూడు. తర్వాత ఫ్రిజ్‌లోంచి మొన్నటి ఐదు గొట్టాలూ కూడా తెచ్చి వాటిలోంచీ ఒక్కో చుక్క వేశాడు.

"అవెందుకండీ?" అంది వదిన.

"ఈ జీజీటీ పరీక్ష మందు ఒకసారి కలిపితే ఆరుగురికి సరిపోతుంది. ఒక్కరికి వాడి మిగిలింది పారబోయడం నాకు చేతకాదు. ఆ రోజు ఈ పరీక్ష మీరు అడగలేదు, నేను చెయ్యలేదు. ఇది కాలేయంలోని పిత్తనాళాల్లో ఉండేవాడి లెక్క. ఈయనకి ఒక్కటే కాపురం, పాపం. వీధిలో కనబడ్డాడంటే ఇక అనుమానం అక్కర్లేదు."

యంత్రంలో చిన్న దీపం వెలిగింది. ముగ్గురూ దాన్నే చూస్తూ కూర్చున్నారు. బయట ఎవరో గేదెని అదిలిస్తున్నారు, ఆ కేక నీళ్ళలోంచి వచ్చినట్టు మందంగా వినబడింది. ఎండ బల్ల మీద ఒక జానెడు జరిగింది. ఈ గదిలో గడియారం వెనకబడటంలో వింతేమీ లేదు, ఇక్కడ కాలం కూడా అడుగుకి దిగి, తేట పైకి వచ్చేదాకా ఆగుతుంది కాబోలు.

కాగితం చీమలా పాకుతూ బయటికి వచ్చింది. చుక్కలాయన కళ్ళజోడు పైకి తోసి చదివాడు.

"తెల్లమూతి. ఏఎస్‌టీ నూట నలభై ఎనిమిది. కాస్త పైన, అంతే. కాలేయం నిజంగా చెడితే నాలుగు రోజుల్లో ఇంత దిగదు. జీజీటీ పంతొమ్మిది. బంగారం. కాలేయం శుభ్రంగా ఉందమ్మా."

వదిన బెంచీ అంచు పట్టుకుంది.

"మరి ఎందుకు తినడం లేదు?" అన్నాడు మరిది. ఈసారి గొంతులో కోపం లేదు.

"ఇదిగో, సీకే తొమ్మిది వందలు. ఇది కండలో ఉండేవాడి లెక్క. మూడు వందలు దాటకూడదు. కండ నలిగింది. ఎక్కడైనా జారిపడిందా?"

వదిన, మరిది ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. రెండు వారాల కిందట మరిది కొట్టంలో కొత్త గచ్చు చేయించాడు. నున్నగా, తళతళలాడేలా.

"అద్దంలా ఉందని నువ్వే అన్నావు కదా చిన్నబ్బాయ్," అంది వదిన మెత్తగా. "ఆవులు మొహం చూసుకుంటాయనుకున్నావా?"

మరిది మొహం ఎర్రబడింది. చుక్కలాయన తన చేతిలోని గులాబి గొట్టాన్నీ వాడినీ మార్చి మార్చి చూశాడు, కానీ పెద్దమనిషి కదా, పైకి ఏమీ అనలేదు. "కండ నొప్పికి లేవడం లేదు, లేవక తొట్టి దాకా రావడం లేదు, రాక తినడం లేదు. మెత్తటి గడ్డి పరుపు వెయ్యండి. మేత దాని దగ్గరికే తీసుకెళ్ళండి. గచ్చు మీద గీతలు కొట్టించండి. వారంలో లేస్తుంది."

మరిది బయటికి వెళ్ళాడు. వరండాలోంచి మాటలు వినబడుతున్నాయి. "లారీ వద్దు... వద్దన్నాను కదా... రేపు కాదు, ఎప్పుడూ కాదు." వదిన చీర చెంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. చెంగులో పాల వాసన, గడ్డి వాసన. తెల్లమూతి ఇప్పుడు మూలన పడుకుని నెమరేస్తూ ఉంటుంది. దానికి ఏమీ తెలియదు. అది ఒక లారీ దారిలోంచి పక్కకి తప్పుకుందని ఎప్పటికీ తెలియదు.

మరిది తిరిగొచ్చేసరికి చుక్కలాయన ఇంకా కాగితం చూస్తూనే ఉన్నాడు. కనుబొమలు దగ్గరికొచ్చాయి.

"నాలుగో గొట్టం. మీద 'మబ్బు' అని రాసుంది. ఎవరిది?"

"మా బూడిదరంగు ఆవండీ," అంది వదిన. "దానికేం, నిండుగా ఉంది. మందలో అన్నిటికంటే అదే ఆరోగ్యం."

"జీజీటీ నూట అరవై ఎనిమిది."

ఫ్రిజ్ దగ్గి ఆగిపోయింది.

"ముప్ఫై అయిదు దాటకూడదు. ఒక్కటే కాపురం ఉన్న మనిషని చెప్పాను కదా. దీని తేట కూడా గడ్డిరంగులోనే ఉంది, గొట్టం తప్పు కాదు. కాలేయం చెడుతున్నది తెల్లమూతికి కాదు, దీనికి. నెమ్మదిగా, కొన్ని వారాల నుంచి."

"కొత్త గడ్డి వల్లనా?" అన్నాడు మరిది. ఈసారి నిజంగానే అడిగాడు.

"మబ్బు ఆ గడ్డి మొహం చూడలేదు," అంది వదిన. "దాన్ని విడిగా కడుతున్నావు కదా, బుల్లెమ్మ పాల కోసం." బుల్లెమ్మ అంటే మరిది కూతురు, రెండేళ్ళది. మబ్బు పాలు తప్ప వేరే పాలు ముట్టదు.

"రక్తం ఎక్కడో చెబుతుంది. ఎందుకో చెప్పదు," అన్నాడు చుక్కలాయన. "అది మీరు చెప్పాలి. మిగతావి తిననిది, ఇది ఒక్కటే తినేది ఏదైనా ఉందా?"

"గింజలు," అంది వదిన. "రోజూ పొద్దున దాని తొట్టి అడుగున మొక్కజొన్న పొట్టు ఉంటుంది. పాలు పెరగాలని చిన్నబ్బాయే పెడుతున్నాడనుకున్నాను."

మరిది వదినకి ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"నేను పెట్టడం లేదు వదినా. గింజల గదికి తాళం వేసి నెల్లాళ్ళయింది. కప్పు కారి బస్తాలన్నీ తడిశాయి. ఆకుపచ్చగా బూజు పట్టాయి. పారబోయిద్దామని, అంతవరకూ ఎవరూ ముట్టకూడదని నేనే వేశాను. నీకు చెప్పడం మరిచిపోయాను."

"ఆ బూజు విషం కాలేయాన్ని చెడగొడుతుంది, పాలలోకీ దిగుతుంది. ముందు ఆ పాలు పిల్లకి పట్టడం ఆపండి," అన్నాడు చుక్కలాయన. మొదటిసారి ఆయన మాట చుక్కగా కాక ధారగా వచ్చింది. "తర్వాత ఆ గింజలు పెడుతున్నదెవరో చూడండి. తాళం చెవి ఎవరి దగ్గరుంది?"

"ఒకటి నా దగ్గర," అని మరిది జేబు తడిమి చూపించాడు.

"రెండోది?"

ఇద్దరికీ తెలుసు. మామగారు పోయిన రోజు నుంచీ ఇంట్లోని రెండో తాళంచెవులన్నీ ఒకే గుత్తిగా అత్తగారి దిండు కింద ఉంటాయి. ఏడాదిగా మంచం దిగని అత్తగారి దిండు కింద. మబ్బుని దూడగా ఉన్నప్పటి నుంచీ చేత్తో తినిపించి పెంచిన అత్తగారి దిండు కింద.

వదిన కళ్ళ ముందు మెత్తటి మడమ ఒకటి కదిలింది. దానికి అంటుకున్న పసుపురంగు పొట్టు. గోటితో తీసి పారేసింది తనే. పశువుకి కొలతేంటి, అన్న మాట బస్సులో మూడోసారి గుర్తుకు రాకుండా ఆగిపోయింది కదా, ఇప్పుడు వచ్చింది.

"ఇంటికి ఫోన్ చెయ్ చిన్నబ్బాయ్."

మరిది చేశాడు. గది చిన్నది, అవతల తోడికోడలు గొంతు అందరికీ వినబడుతూనే ఉంది. బుల్లెమ్మకి మబ్బు పాలు పట్టొద్దన్నాడు. ఎందుకండీ అంటే తర్వాత చెబుతానన్నాడు.

"అమ్మ ఏం చేస్తోంది?"

"నిద్రపోతున్నారండీ. పొద్దుటి నుంచీ తలుపు దగ్గరగా వేసే ఉంది. లేపొద్దన్నారు."

"వెళ్ళి చూడు."

"పడుకున్నారంటున్నాను కదా..."

"వెళ్ళి చూడు."

అడుగుల చప్పుడు. తలుపు కిర్రుమంది. ఆ తర్వాత చాలాసేపు ఏమీ లేదు, గాలి తప్ప. వదిన రెండు చేతులూ ఒళ్ళో నిలువుగా పెట్టుకుని, గొట్టం పట్టుకున్నట్టే కూర్చుంది, ఏదీ కదలకుండా.

"ఏమండీ," అంది ఆ గొంతు, చాలా నెమ్మదిగా. "అత్తయ్య మంచం మీద లేరు. మంచం కింద చెప్పులు మాత్రం ఉన్నాయి."